మద్రాసు కోట చర్చిలో రఫేల్ లేడు

చెన్నై సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి గురించి ఎవరైనా యాత్రా వ్యాసం రాశారంటే అందులో ఒక వాక్యం కోసం వెతుక్కుంటాను. చాలాసార్లు దొరుకుతుంది. "బలిపీఠం వెనక గోడ మీద ఇటలీ మహాచిత్రకారుడు రఫేల్ గీసిన కడరా భోజనం చిత్రం ఉంది" అన్నది ఆ వాక్యం. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తిరాసుకున్నారు, గైడ్లు దాన్ని కంఠతా పట్టారు, చూసొచ్చినవాళ్ళు నలుగురికీ చెప్పారు. దాని వెనకే మరికొన్ని మాటలు గుంపుగా వస్తాయి. దేశంలోనే తొలి చర్చి అనీ, ఈస్టిండియా కంపెనీ కట్టించిందనీ, ఇంగ్లండును అచ్చంగా తెచ్చి మద్రాసులో దించారనీ, తూర్పుదేశాల వెస్ట్‌మినిస్టర్ ఆబే అనీ.

వీటిలో ఒక్కటీ నిలవదు. నిలవకపోతే పోనీ అని ఊరుకోలేకపోవడానికి నాకు కారణం ఉంది. ఈ పొగడ్తల కింద అసలు కట్టడం పూడిపోయింది. ఆ కట్టడంలో మన తెలుగువాళ్ళ చరిత్ర కూడా కొంత ఉంది. అదీ పూడిపోయింది.

ముందు చిత్రం సంగతి. ఆ పెద్ద తైలవర్ణ చిత్రాన్ని గీసినవారెవరో తెలియదు. రఫేల్ 1520లో రోములో చనిపోయాడు. ఈ చిత్రం వచ్చిందని చెప్పే పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళు స్థిరపడింది 1674లో. ఈ మధ్యనున్న 150 ఏళ్ళలో ఆయన చేతి చిత్రం ఎవరి దగ్గర ఉంది, ఏ ఓడలో ఈ తీరానికి వచ్చిందని అడిగితే ఈ వాక్యం రాసేవాళ్ళు ఎవరూ చెప్పరు. ఈ ప్రశ్నకు జడిసి కొందరు "రఫేల్ శిష్యులు గీసింది" అని ఒక మెట్టు దిగుతారు. శిష్యుల పేరు పెట్టినా ప్రశ్న మారదు, జవాబూ రాదు. యూరపులోని ప్రసిద్ధ చిత్రాలకు నకళ్ళు గీసి, వాటి అచ్చు ప్రతులు చూసి గీసి, దూరదేశాల చర్చిలకు పంపడం ఆ కాలంలో మామూలు సంగతి. బలిపీఠం వెనక కడరా భోజనం పెట్టడమూ అంతే మామూలు.

పేరు పక్కన పెడితే ఆ చిత్రం చెప్పే కథ ఇంకొకటి ఉంది. 1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లీషు సేనలకు లొంగిపోయింది. ముట్టడి నడిపింది ఐర్ కూట్. అప్పటి మద్రాసు గవర్నర్ జార్జి పిగట్ ఆ పట్నం కోటగోడల్ని నేలమట్టం చేయించాడు. ఆ యుద్ధంలో పుదుచ్చేరి నుంచి తెచ్చిన వస్తువుల్లో ఈ చిత్రం ఒకటని చర్చి సంప్రదాయమే చెబుతుంది. అది నిజమైతే బలిపీఠం వెనక ఉన్నది యుద్ధంలో ఓడినవాళ్ళ ప్రార్థనామందిరం నుంచి గెలిచినవాళ్ళు ఎత్తుకొచ్చిన సొత్తు. ప్రభువు శిష్యులతో కలిసి రొట్టె విరిచిన ఘట్టం అది. దాన్ని ఒక క్రైస్తవ జాతి ఇంకొక క్రైస్తవ జాతి నుంచి పట్టుకొచ్చి తన పీఠానికి అలంకరించుకుంది. ఈ వాస్తవాన్ని చూపుడువేలుతో చూపించాల్సిన గైడు రఫేల్ పేరు చెప్పి ముందుకు నడిపించేస్తాడు. ఆ పేరు చెవిన పడగానే చూసేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారు, ఇక ఏమీ అడగరు. నా అభ్యంతరం అక్కడే.

దేశంలో తొలి చర్చి అన్నమాట మీద ఎక్కువసేపు నిలవక్కర్లేదు. కేరళ సిరియన్ క్రైస్తవుల సంగతి వదిలేసినా, మద్రాసులోనే మైలాపూరు వైపు పోర్చుగీసువాళ్ళు కట్టిన లజ్ చర్చి 16వ శతాబ్దానిది. కోట లోపల కూడా సెయింట్ మేరీస్ మొదటిది కాదు. 1642 నుంచే ఎఫ్రెమ్ ద నెవెర్ అనే ఫ్రెంచి కాపుచిన్ పాదిరి కంపెనీ అనుమతితోనే అక్కడ కతోలిక ఆరాధన జరిపించేవాడు. ఆంద్రెయ పేరుతో వాళ్ళకు కోటలోనే చర్చి ఉండేది. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచివాళ్ళు 1749లో తిరిగి ఇచ్చారు. ఆ తరవాత, ఫ్రెంచివాళ్ళకు తోడ్పడ్డారన్న అనుమానంతో కాపుచిన్లను కోటలోంచి పంపేశారు, ఆ చర్చిని పడగొట్టారు. తూర్పున ఇప్పటికీ నిలిచి ఉన్న ఆంగ్లికన్ చర్చిలలో సెయింట్ మేరీస్ అతి పాతది. అంతవరకు నిజం. "ఇప్పటికీ నిలిచి ఉన్న", "ఆంగ్లికన్" అన్న రెండు మాటలూ తీసేస్తే అబద్ధమవుతుంది. పైగా దాని కంటే ముందున్నదాన్ని కూలగొట్టిన సంగతి కూడా ఆ తీసివేతలో మాయమవుతుంది.

ఇక, కంపెనీ కట్టించిందన్నది. కంపెనీ కట్టించలేదు. 1678 జనవరిలో కోట అధికారం చేపట్టిన స్ట్రెయిన్‌షామ్ మాస్టర్, ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు ప్రార్థనకు సొంత కట్టడం లేకుండా కోటలోని గదిలోనే కూడుతున్నారని చందాలు మొదలుపెట్టాడు. ఆ ఏడాది మార్చి 25న, మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ రోజున, పని మొదలైంది. మేరీ పేరు అందుకే వచ్చింది. 1680 అక్టోబర్ 28న చాప్లిన్ రిచర్డ్ పోర్ట్‌మన్ ప్రతిష్ఠ చేశాడు. ఖర్చంతా కోటలోని ఇంగ్లీషువాళ్ళు తమ జేబుల్లోంచి ఇచ్చింది.

ఆ జేబుల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ప్రశ్న వేసినవాళ్ళు నాకు తెలుగులో కనిపించలేదు. కంపెనీ ఉద్యోగులకు జీతాలు స్వల్పం. వాళ్ళు బతికిందీ, కూడబెట్టిందీ వ్యాపారం మీద. ఆ వ్యాపారానికి ప్రాణం నూలుబట్ట. స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ దినచర్య పుస్తకాలు అచ్చులో ఉన్నాయి. చర్చి గోడలు లేస్తున్న 1679లోనే ఆయన మచిలీపట్నం వైపు తనిఖీకి వెళ్ళాడు, నరసాపురం పక్కనున్న మాదాపాలెం దాకా. ఆ మాదాపాలెం పేరే ఒక రకం తెల్లబట్టకు ప్రపంచమంతా పేరైపోయింది. ఆ బట్ట నేసింది గోదావరి, కృష్ణా తీరాల నేతగాళ్ళు. మద్రాసులో కంపెనీకి సరుకు కుదిర్చి పెట్టిన పెద్ద వర్తకులు కూడా తెలుగువాళ్ళే. మొదట బేరి తిమ్మన్న, తరవాత కాసి వీరన్న. చర్చి ప్రతిష్ఠ జరిగిన 1680లోనే వీరన్న చనిపోయాడు. అసలు ఆ ఇసుక తిన్నెల మీద కోట కట్టుకోవడానికి 1639లో కౌలు ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. చెన్నపట్నం పేరు ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడిది. చందా ఇచ్చినవాళ్ళ పేర్ల జాబితాలో వీళ్ళెవ్వరూ ఉండరు, నిజమే. కానీ ఆ చందాలోని వరహాలు మగ్గం మీంచి వచ్చినవి. ఇది ఒప్పుకోకుండా "ఇంగ్లీషువాళ్ళ దానం" అని రాయడం సగం చరిత్ర రాయడమే.

"ఇంగ్లండును తెచ్చి దించారు" అన్నవాళ్ళు లోపలికి వెళ్ళి పైకి చూడలేదని నా అనుమానం. అదే సమయంలో లండన్‌లో, 1666 అగ్నిప్రమాదం తరవాత, క్రిస్టఫర్ రెన్ వరసగా చర్చిలు కడుతున్నాడు. వాటి పోలికలు ఇక్కడ వెతికితే పైపైన ఏవో దొరుకుతాయి. ఈ కట్టడపు ప్రాణం మాత్రం వేరు. దీని నమూనా గీసినవాడిగా చెప్పుకునే ఎడ్వర్డ్ ఫౌల్ వాస్తుశిల్పి కాదు, కోటలో ఫిరంగుల మీద అధికారి, మాస్టర్ గన్నర్. బయటి గోడలు 4 అడుగుల మందం. పైకప్పు ఇటుకతో కట్టిన అర్ధచంద్రాకారపు కమాను, 2 అడుగుల మందం. పక్కపక్కనే మూడు కమానులు, తూర్పు నుంచి పడమరకి సొరంగాల్లా సాగుతాయి. దూలాలు, వాసాలు ఆ కప్పులో లేవు. గుండు పడితే దొర్లిపోవాలి, నిప్పు పడితే అంటుకోకూడదు, తుఫాను వస్తే ఎగిరిపోకూడదు, చెదలు పట్టకూడదు. ఇంగ్లండులో ఏ ఊరి చర్చికీ ఇన్ని భయాలు లేవు. ఇది సముద్రం ఒడ్డున, పరాయి నేల మీద, నాలుగు వైపులా శత్రువుల్ని ఊహించుకుంటూ కట్టుకున్నది. మందుగుండు కొట్టు కట్టినట్టు కట్టుకున్నారు. మధ్య కమాను కింద నిలబడి తల పైకెత్తితే ఆ భయం ఇప్పటికీ తెలుస్తుంది. ఆ లోపలి రూపానికి అందం కూడా ఆ భయం నుంచే వచ్చింది. నగిషీ లేదు, పొదుపుగా ఉంది, మనిషి గొంతు కమాను తాకి తిరిగి వస్తుంది. నాకు ఆ కట్టడం నచ్చుతుంది, దాచుకోను. నచ్చింది గనకే దాని మీద అబద్ధాలు అంటించడం చూడలేకపోతున్నాను. పడమటి వైపు బురుజూ, దాని మీది సన్నని శిఖరమూ తరవాతి కాలంలో చేర్చినవి. బయటి నుంచి చూసేవాళ్ళకు ముందు ఆ శిఖరం కనిపించి, "అచ్చం ఇంగ్లండే" అనిపిస్తుంది.

ఆ ఇటుక కాల్చిందీ, సున్నం గానుగ ఆడిందీ ఎవరు? మద్రాసు గచ్చుపని అప్పట్లో యూరపు యాత్రికులు పనిగట్టుకుని రాసుకున్నంత గొప్పది. సముద్రపు గవ్వల్ని కాల్చి సున్నం తీసేవారు. బెల్లం నీళ్ళతో తడిపేవారు. పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపి, నున్నటి రాయితో గంటల తరబడి రుద్దేవారు. ఆరాక అది పాలరాయో సున్నమో చెప్పడం కష్టమని ఆ యాత్రికులే అన్నారు. ఆ పని చేసినవాళ్ళ పేర్లు ఒక్కటీ మిగల్లేదు. రఫేల్ పేరును మాత్రం లేనిచోట పట్టుకొచ్చి నిలబెట్టారు.

ఇంకో తప్పు ఆవరణలోనే మొదలవుతుంది. చర్చి చుట్టూ నేల మీద పరిచిన సమాధి ఫలకాల్ని చూసి "వీళ్ళందరూ ఇక్కడే నిద్రిస్తున్నారు" అని రాస్తారు. కొందరైతే వాటి మీద అడుగు పెట్టడానికి జంకుతారు. గౌరవం మంచిదే, కానీ ఆ రాళ్ళలో చాలావాటి కింద ఎవరూ లేరు. పాత ఇంగ్లీషు శ్మశానం కోట బయట ఉండేది, తరవాత లా కాలేజీ లేచిన చోట. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించినప్పుడు అక్కడి ఎత్తైన గోరీలు అతని సైనికులకు చాటుగా ఉపయోగపడ్డాయి. 1759 ఫిబ్రవరిలో ముట్టడి ఎత్తేశాక, మళ్ళీ ఆ అవకాశం ఇవ్వకూడదని ఇంగ్లీషువాళ్ళు గోరీలు పడగొట్టి, ఫలకాల్ని తెచ్చి చర్చి ఆవరణలో పరిచారు. మనుషులు అక్కడే ఉండిపోయారు, పేర్లు మాత్రం కోటలోకి వచ్చాయి. వాటిలో 1652 నాటి ఎలిజబెత్ బేకర్ ఫలకం అన్నిటికన్నా పాతది. ఆమె మద్రాసు ప్రెసిడెంటుగా వస్తున్న ఆరన్ బేకర్ భార్య, దారిలో ఓడ మీదే చనిపోయింది. పాత శ్మశానంలో రెండు కట్టడాలు మాత్రం మిగిలాయి. ఒకటి ఎలిహు యేల్ కొడుకు డేవిడ్‌ది.

యేల్ పేరు వచ్చింది గనక అదీ తేల్చుకోవాలి. ఈ చర్చిలో జరిగిన మొదటి పెళ్ళి ఆయనదే, 1680 నవంబర్ 4న, కాథరిన్ హిన్మర్స్ అనే వితంతువుతో. అమెరికాలో చదువుకునే మన పిల్లల్ని చూసి వచ్చే తల్లిదండ్రులు ఈ సంగతి వినగానే ఎంతో సంబరపడతారు, యేల్ విశ్వవిద్యాలయం మద్రాసులో పుట్టిందన్నంతగా. యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు గవర్నరు. సొంత వ్యాపారం చేసుకున్నాడన్న ఆరోపణల మీద పదవి పోయింది. ఆయన అధ్యక్షత వహించిన కౌన్సిల్ కాలంలో ఈ తీరం నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించి సెయింట్ హెలెనా ద్వీపానికి పంపారు. ఇది కోట రికార్డుల్లోనే ఉంది. 1718లో ఆయన కనెక్టికట్‌లోని చిన్న కళాశాలకు పంపిన సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి, దాంతో ఆ కళాశాలకు ఆయన పేరు పెట్టుకున్నారు. ఆ మూటల్లో ఉన్నవీ ఎక్కువగా బట్టలే, కాలికోలూ మస్లిన్లూ. పెళ్ళి సంగతి చెప్పేవాళ్ళు ఓడల సంగతి కూడా చెప్పి తీరాలి. 1753 ఫిబ్రవరిలో రాబర్ట్ క్లైవ్ పెళ్ళి కూడా ఇక్కడే జరిగింది. దాని గురించి రాయనివాళ్ళు లేరు కనక నేను రాయను.

వెస్ట్‌మినిస్టర్ ఆబే అన్న బిరుదు గోడల మీది పాలరాతి శిల్పాల్ని చూసి ఇచ్చింది. శిల్పాలు మంచివి, కాదనను. లండన్‌లోని పేరున్న శిల్పులు చెక్కినవి. కానీ ఏది ఏదో కలగాపులగం చేస్తారు. క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జ్ స్మారకం దీనికి మంచి ఉదాహరణ. మరణశయ్య మీదున్న ఆ పాదిరి చెయ్యి పట్టుకున్న తంజావూరు రాజు సర్ఫోజీ శిల్పం ఇక్కడ ఉందని పదే పదే రాశారు. అది తంజావూరులో ఉంది. సర్ఫోజీయే జాన్ ఫ్లాక్స్‌మన్ చేత చేయించాడు. మద్రాసు కోట చర్చిలోది జాన్ బేకన్ చిన్నవాడు చెక్కినది, 1807లో వచ్చింది, చేయించింది ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు. ఇందులో చుట్టూ ఉన్నది ఆయన సాకిన పిల్లలూ, తోటి పాదిరీ. ఒకటి శిష్యుడైన రాజు గురువుకు తీర్చుకున్న రుణం. రెండోది, హైదరలీ దగ్గరికి రాయబారం వెళ్ళి తన పని చేసిపెట్టినవాడికి ఒక వ్యాపార సంస్థ ఇచ్చిన మెప్పు. రెండు శిల్పాల్ని ఒకటి చేస్తే ఈ తేడా పోతుంది. ఇక్కడ ఫ్లాక్స్‌మన్ చెక్కినది వేరే ఉంది. అది జొసయా వెబ్ అనే అధికారి స్మారకం. అందులో దుఃఖిస్తున్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. దొర చనిపోతే దేశమంతా తలవంచుకుని ఏడ్చిందని చెప్పుకోవడం ఆ కాలపు శిల్పాల్లో అలవాటైన పద్ధతి. మనం దాన్ని వార్తగా తీసుకోకూడదు. పాలరాయి మీద ఎవరు ఏడవాలో నిర్ణయించింది చెక్కించినవాళ్ళు.

ఆ గోడలు ఎవరి గురించి మాట్లాడవో చూడండి. పుదుచ్చేరిని నేలమట్టం చేయించిన జార్జి పిగట్ 1775లో రెండోసారి గవర్నరుగా వచ్చాడు. ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి తంజావూరు మీద కన్నేసిన తన కౌన్సిల్ సభ్యులతో తగువు పడ్డాడు. 1776 ఆగస్టులో వాళ్ళే ఆయన్ని బంధించారు. 1777 మేలో నిర్బంధంలోనే పోయాడు. ఈ చర్చిలోనే పాతిపెట్టారు, రాయి మీద పేరు కూడా వేయకుండా. చాలా కాలం తరవాత "స్మృత్యర్థం" అన్న మాట మాత్రం చెక్కారు. కింది ఉద్యోగులకు కూడా గజాల కొద్దీ స్తుతి చెక్కించిన చోట గవర్నరుకు ఒక్క ముక్క లేకపోవడం, ఆ కోట గురించి పొగడ్త ఫలకాలన్నీ చెప్పేదానికంటే ఎక్కువ చెబుతుంది. నాకు ఆ చర్చిలో అన్నిటికంటే విలువైన రాయి అదే.

మన ఊళ్ళతో నేరుగా ముడిపడ్డ సమాధి ఒకటి ఉంది. సర్ థామస్ మన్రో. కర్నూలు జిల్లా పత్తికొండలో 1827 జులై 6న కలరాతో పోయాడు, గుత్తిలో పాతిపెట్టారు. ఇప్పటికీ మన పుస్తకాల్లో "గుత్తిలో శాశ్వత నిద్ర" అని కనిపిస్తుంది. 1831లో ఆ అవశేషాల్ని మద్రాసు తెచ్చి సెయింట్ మేరీస్‌లో ఉంచారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న దత్తమండలాల జనం ఆయన్ని తమవాడనుకున్నారు. ఆ అభిమానాన్ని నేను తీసెయ్యను. అయితే ఫలకాల మీది మన్రో వేరు. 1800 నుంచి 1807 దాకా అనంతపురం, కడప, బళ్ళారి, కర్నూలు ప్రాంతాల పాలెగాళ్ళను అణచి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకున్న కలెక్టరు ఆయన. తాను వేసిన శిస్తు భారమని గ్రహించి, 1807లో పావువంతు తగ్గించాలని పైవాళ్ళకు రాసింది కూడా ఆయనే. రైతు నెత్తిన బరువు పెట్టింది తానేనని ఒప్పుకున్న ఆ లేఖ, నా దృష్టిలో, ఆయనకు ఏ పాలరాతి కంటే పెద్ద స్మారకం.

"తెల్లవాళ్ళ గోరీల గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు, మన గుళ్ళే పాడుబడుతుంటే" అనేవాళ్ళకూ నా జవాబు ఇదే. గుడి పాడుబడటం అన్యాయమే, దానికోసం కూడా గొంతెత్తుదాం. కానీ ఈ గోడల్లో మన నేత ఉంది, మన సున్నం ఉంది, మన శిస్తు ఉంది. పరాయిదని వదిలేస్తే వాటినీ వదిలేసినట్టే. అసలైన యజమానులు తప్పుకుంటే కథ చెప్పే పని రఫేల్ భక్తులకే మిగులుతుంది.

లోపలికి వెళ్ళినవాళ్ళు బాప్తిస్మపు తొట్టి దగ్గర కాసేపు ఆగమని కోరుతున్నాను. అది పల్లావరం నల్లరాయి. 1689 ఆగస్టు 19న ఈ చర్చిలో ముగ్గురు ఆడపిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు, మేరీ, ఎలిజబెత్, కాథరిన్. తండ్రి కలకత్తాకు పునాది వేశాడని చెప్పుకునే జాబ్ చార్నాక్. తల్లి భారతీయురాలు. ఆమె అసలు పేరు చరిత్రలో దొరకదు. చార్నాక్ పోయాక కలకత్తాలో ఆయన సమాధి మీద పరచింది కూడా ఇదే రకం మద్రాసు రాయి. 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ సమాధిరాయిని పరీక్షించి, ఆ జాతి శిలకంతటికీ చార్నోకైట్ అని పేరు పెట్టాడు. కోట్ల ఏళ్ళుగా ఈ నేలలో ఉన్న రాయికి తండ్రి పేరు వచ్చింది. ఆ రాతి తొట్టి దగ్గర నిలబడ్డ పిల్లల తల్లికి పేరే మిగల్లేదు.

చర్చిని చూసుకుంటున్నవాళ్ళకూ, తెలుగులో గైడు పుస్తకాలు అచ్చువేసేవాళ్ళకూ ఒక్క విన్నపం. చిత్రం కింద "చిత్రకారుడు తెలియదు, 1761లో పుదుచ్చేరి నుంచి తెచ్చినట్టు చెబుతారు" అని రాయండి. ఆవరణలోని ఫలకాల దగ్గర, వాటిని ఎక్కణ్ణుంచి ఎందుకు తెచ్చారో రాయండి. గుత్తి దగ్గర 1831 అన్న సంవత్సరం చేర్చండి. తొట్టి పక్కన ఆ ముగ్గురు పిల్లల పేర్లు రాసి, తల్లి పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదలండి.